ఇసుక దీవిలో 15 సంవత్సరాలు: 'దైవ సంరక్షణ' అనే పడవ, అందులో చోటు దొరకని 60 మంది

ఓడ పగిలిన కథలంటే మన ప్రసంగ వేదికలకు ఎప్పుడూ మక్కువే. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము మీద ఒక్కసారైనా వాక్యము చెప్పని కాపరి మన మధ్య ఉండడేమో. ఆ అధ్యాయము దాటి బయటికి వస్తే, ఎక్కువమంది ఉదాహరణగా ఎత్తుకొనేది రాబిన్సన్ క్రూసోను. నిర్జన ద్వీపములో ఒంటరిగా మిగిలిన మనిషి, పగిలిన ఓడలోనుండి తెచ్చుకొన్న బైబిలు, పశ్చాత్తాపము, కృతజ్ఞత - ప్రసంగానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. అయితే 1719లో డానియల్ డిఫో ప్రచురించిన ఆ నవలలో క్రూసో ఎక్కిన ఓడ ఏ పని మీద బయలుదేరిందో, పిల్లలకోసం కుదించిన ప్రతులు మాత్రమే చదివినవారికి గుర్తుండకపోవచ్చు. అది ఆఫ్రికా తీరమునుండి బానిసలను తెచ్చుకొనుటకు వెళ్తున్న ఓడ.

అది కల్పిత కథ. ఈ వ్యాసములో మనము చూడబోయేది ఆ నవల వెలువడిన 42 సంవత్సరాలకు నిజముగా జరిగిన సంగతి. ఇందులో దీవిమీద మిగిలిపోయింది బానిసలను కొనే మనిషి కాడు, కొనబడిన మనుషులు. వారి దగ్గర బైబిలు లేదు, సిరా లేదు, దినచర్య వ్రాసుకొన్నవారు లేరు. వారి కథ మనకు చేరినది కొంత ఇతరుల కలముద్వారా, కొంత 2006 తరువాత ఆ ఇసుకను తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞులద్వారా. వేదాంత విద్యార్థులు దీనిని ఎందుకు చదవాలంటే, ఈ ఉదంతములో 'దైవ సంరక్షణ' అనే మన సిద్ధాంత పదము ఒక పడవకు పేరుగా కనబడుతుంది. ఆ పడవలోనికి ఎవరు ఎక్కారు, ఎవరికి చోటు లేకపోయింది అన్నదే మేము అడగదలచిన ప్రశ్న.

ఓడ, అందులోనివారు

ఆ దీవిని నేడు ట్రొమెలిన్ అంటారు. అప్పటి ఫ్రెంచి నావికులు దానిని ఇసుక దీవి అని పిలిచేవారు. మదగాస్కర్‌కు తూర్పున సుమారు 450 కిలోమీటర్ల దూరములో, సముద్రము మధ్య ఒంటరిగా పడి ఉన్న చిన్న మెట్ట అది. వైశాల్యము సుమారు ఒక చదరపు కిలోమీటరు. ఎత్తయిన చోటు కూడ సముద్ర మట్టానికి 7 మీటర్లే. పొదలు తప్ప చెట్లు లేవు. తుఫానులకు అడ్డు లేదు.

ఓడ పేరు 'ల్యుటీల్'. ఫ్రెంచిలో 'ఉపయోగపడేది' అని అర్థము. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి చెందిన ఈ ఓడ 1760 నవంబరు 17న ఫ్రాన్సులోని బయోన్ రేవునుండి బయలుదేరి హిందూ మహాసముద్రములోని ఇల్ ద ఫ్రాన్స్ అనే దీవికి వచ్చింది. ఇదే నేటి మారిషస్. తరువాతి శతాబ్దములో మన కోరంగి రేవునుండి చెరకు తోటల పనికి ఓడలెక్కిన తెలుగు కూలీలు దిగినది ఈ దీవిలోనే గనుక, ఆ పేరు మనకు పరాయిది కాదు. 1760వ నాటికి అక్కడ ఫ్రెంచివారి పాలన. అది ఏడేండ్ల యుద్ధ కాలము. చందుర్తి యుద్ధము, 1759 ఏప్రిల్‌లో బందరు కోట ఆంగ్లేయుల వశమగుట, 1761 జనవరిలో పాండిచ్చేరి లొంగిపోవుట - ఇవన్నీ మన తీరాన ఆ యుద్ధపు ఘట్టాలే. ఇల్ ద ఫ్రాన్స్‌ను కూడ ఆంగ్లేయులు ముట్టడిస్తారని గవర్నరు డెఫోర్జ్ బూషే భయపడుతున్నాడు. ముట్టడి వస్తే తిండి చాలదు. అందుచేత దీవిలోనికి కొత్తగా బానిసలను దించకూడదని ఆయన నిషేధము పెట్టాడు. ఈ నిషేధములో కనికరము వెదకనవసరము లేదు. అది గింజల లెక్క.

ల్యుటీల్‌ను మదగాస్కర్‌కు పంపినది ఆహార పదార్థాలు తెమ్మని. ఓడ అధిపతి జాఁ ద లాఫార్గ్ ఆ ఆజ్ఞను పక్కన పెట్టి, ఫూల్‌పాయింట్ అనే రేవులో సుమారు 160 మంది మలగాసీ పురుషులను, స్త్రీలను, పిల్లలను కొని, రహస్యముగా అమ్ముకొనవచ్చునన్న ఆశతో ఓడకెక్కించాడు. ఆ రేవుకు దక్షిణముగా కొంత దూరములో తమతావె రేవు ఉన్నది. విశాఖపట్నానికి 1805లో మిషనరీలను పంపిన లండన్ మిషనరీ సంఘమే 1818లో మదగాస్కర్‌కు తన మొదటి మిషనరీలను పంపినప్పుడు వారు దిగిన రేవు అదే. ఓడ ఎక్కించబడిన ఈ 160 మంది కాలానికి సువార్త ఆ తీరానికి ఆ విధముగా రావడానికి ఇంకా 57 సంవత్సరాలున్నాయి. క్రైస్తవులని పేరు పెట్టుకొన్నవారి ఓడలు మాత్రము అప్పటికే వచ్చి పోతున్నాయి.

ఓడలో రెండు పటములున్నాయి. ఇసుక దీవి ఎక్కడున్నదో ఒక పటము చెప్పినదానికి రెండవది చెప్పినదానికి పొంతన లేదు. రాత్రివేళ జాగ్రత్త పడవలసిన చోట లాఫార్గ్ ఓడను ముందుకే నడిపించాడు. 1761 జూలై 31 రాత్రి అది ఆ దీవి చుట్టూ ఉన్న పగడపు గట్టుకు కొట్టుకొంది. బానిసలున్న అడుగు గది తలుపులు పైనుండి మేకులతో బిగించి ఉన్నాయి. ఓడ పక్కలు విచ్చుకొన్న తరువాత గాని లోపలివారు బయటపడలేకపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది ఒడ్డు చేరారు. మలగాసీలలో సగానికి కొంచెము ఎక్కువమంది మాత్రమే చేరారు.

ఆ తరువాత కొన్ని రోజులు త్రాగు నీరు లేదు. ఓడలోనుండి దొరికినది సిబ్బందికే పంచుకొన్నారు. సముద్రమునుండి తప్పించుకొన్న మలగాసీలలో మరికొందరు ఒడ్డున దాహముతో చనిపోయారు. బావి తవ్వి ఉప్పన నీరు పడిన తరువాత గాని ఆ మరణాలు ఆగలేదు. ఈ వివరాలన్నీ ఓడ గుమస్తా వ్రాసిపెట్టిన వృత్తాంతమువల్ల మనకు తెలిసినవి. లెక్కలు వ్రాసే మనిషి గనుక ఆయన వ్రాతలో దాపరికము తక్కువ.

పడవ

లాఫార్గ్ మనస్సు చెదిరి పనికిరాకుండా పోయాడు. అధికారము రెండవ స్థానములో ఉన్న బార్తెలెమీ కాస్తెల్లాన్ డు వెర్నే చేతికి వచ్చింది. ఇతడు సమర్థుడు. సిబ్బందికి ఒక గుడారము, మలగాసీలకు ఒక గుడారము వేయించాడు. కొలిమి పెట్టించాడు, రొట్టెల పొయ్యి కట్టించాడు. ఓడ చెక్కలతో పెద్ద పడవ ఒకటి కట్టించడము మొదలుపెట్టాడు. సిబ్బందిలో అందరూ ఈ పనికి చేయి కలపలేదు. మలగాసీలు కలిపారు. మ్రానులు మోసారు, లాగారు. సుమారు రెండు నెలల్లో పడవ సిద్ధమైంది. దానికి పెట్టిన పేరు 'ప్రొవిడాన్స్', అనగా దైవ సంరక్షణ.

1761 సెప్టెంబరు 27న 122 మంది ఫ్రెంచివారు ఆ పడవ ఎక్కి వెళ్లిపోయారు. 60 మంది మలగాసీలు ఒడ్డున నిలబడ్డారు. వారికి మూడు నెలల తిండి విడిచిపెట్టారు. ఓడ పంపించి తీసుకొనిపోతామని మాట ఇచ్చారు.

పౌలు ప్రయాణపు వృత్తాంతాన్ని దీని పక్కన పెట్టి చదవండి. తుఫానులో నావికులు లంగరులు వేసే నెపముతో చిన్న పడవ దించి, మిగిలినవారిని విడిచి తప్పించుకోజూస్తారు. వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని ఖైదీయైన పౌలు శతాధిపతికి చెబుతాడు. సైనికులు పడవ త్రాళ్లు కోసివేస్తారు. తీరము దగ్గరపడినప్పుడు ఖైదీలను చంపివేయాలన్న ఆలోచనను శతాధిపతి అడ్డుకొంటాడు. చివరకు 276 మందీ, ఖైదీలతో సహా, ఒడ్డు చేరతారు. లూకా ఆ సంఖ్యను ఊరకే వ్రాయలేదని మా అభిప్రాయము. ఆ అధ్యాయములో దేవుని సంరక్షణ అంటే కొందరు తప్పించుకొనుట కాదు, ఎవరూ విడువబడకుండుట. మన ప్రసంగాలలో పౌలు ధైర్యము, దూత దర్శనము, లంగరుల ఆత్మీయ అర్థము విరివిగా వినబడతాయి. త్రాళ్లు కోసిన ఆ సైనికుల గురించి అంతగా వినబడదు.

అలాగని కాస్తెల్లాన్‌ను దుర్మార్గుడని తేల్చివేయుట న్యాయము కాదు. ఆ పడవలో 122 మందే ఒకరినొకరు ఒరుసుకొని కూర్చోవలసి వచ్చింది. మరో 60 మందికి నిజముగానే చోటు లేదు. పడవ నాలుగు రోజుల్లో మదగాస్కర్ చేరింది. ఇల్ ద ఫ్రాన్స్‌కు చేరగానే దీవికి ఓడ పంపించవలెనని అతడు కోరాడు. గవర్నరు ఒప్పుకోలేదు. తన ఆజ్ఞకు విరోధముగా కొన్న బానిసలకోసము యుద్ధ కాలములో ఒక ఓడను అపాయములో పెట్టనన్నాడు. ఈ వార్త పారిస్ వరకు వెళ్లి కొంతకాలము అక్కడివారి నోళ్లలో నానింది. యుద్ధము సాగింది, కంపెనీ దివాలా తీసింది, మాటలు ఆగిపోయాయి. కాస్తెల్లాన్ మాత్రము ఏళ్లు గడిచిన తరువాత కూడ నౌకా మంత్రికి ఈ సంగతి జ్ఞాపకము చేస్తూ వ్రాసాడు. మాట ఇచ్చిన మనిషి నిజాయితీపరుడు, దానిని నెరవేర్చవలసిన అధికారము మరొకరిది. సంఘాలలో, సంస్థలలో పని చేసే మనకు ఈ పరిస్థితి తెలియనిది కాదు. ఏ అధికారములేని మనిషి ఒక వ్యవస్థ పేరున అభయమిస్తే, ఆ అభయాన్ని నమ్మి ఒడ్డున కూర్చొనేది ఎవరన్నది ముందే ఆలోచించవలసిన సంగతి.

మట్టిలో దొరికినవి

మూడు నెలల తిండి మూడు నెలలకు అయిపోతుంది. ఆ తరువాత 15 సంవత్సరాలు వారు ఎలా బ్రతికారు?

ఫ్రెంచి నౌకా పురావస్తు పరిశోధకుడు మాక్స్ గేరూ నాయకత్వాన 2006, 2008, 2010, 2013 సంవత్సరాలలో నాలుగుసార్లు ఆ దీవిలో తవ్వకాలు జరిగాయి. ఆయనతో పురావస్తు శాస్త్రజ్ఞుడు తోమా రోమోన్ పని చేసాడు. దీవిలో 1954లో వాతావరణ కేంద్రము కట్టినప్పుడు పాత ఆనవాళ్లు కొన్ని చెదిరిపోయినా, ఇసుక క్రింద గోడలు మిగిలాయి. వాటిని చూచిన తరువాత, ఈ మనుషులు ఓడకోసము ఎదురుచూస్తూ కూర్చున్న దిక్కులేని గుంపు అని అనుటకు వీలులేదు.

వారు రాతి ఇండ్లు కట్టుకొన్నారు. పగడపు రాళ్లు, తీరపు ఇసుకరాతి పలకలు పేర్చి, ఒక మీటరుకు మించిన మందముతో గోడలు లేపారు. గదులు ఒకదానికొకటి ఆనుకొని, లోపలి ఖాళీ స్థలము చుట్టూ చిన్న పల్లెవలె ఉన్నాయి. ఇందులో ఒక సంగతి మనము ఆగి ఆలోచించదగినది. మలగాసీ ఆచారములో రాయి చనిపోయినవారిది. సమాధులు రాతితో, బ్రతికి ఉన్నవారి ఇండ్లు కర్రతో, ఆకులతో కడతారు. ఆ దీవిలో కర్ర లేదు, ఉన్న ఓడ చెక్క పొయ్యికి కావాలి. తుఫానులు గుడారాలను నిలువనీయవు. కాబట్టి వారు తమ పితరుల కట్టడిని దాటి, సమాధికి వాడే రాతితో పిల్లలను పడుకోబెట్టే గది కట్టారు. దానికి వారిలో ఎంత తర్జనభర్జన జరిగిందో! ఆచారము ఎక్కడ నిలుపుకోవాలి, ఎక్కడ మార్చుకోవాలి అని మన గ్రామ సంఘాలలో చావుకు, పెండ్లికి వచ్చే వాదాలను ఎరిగినవారికి ఆ రాత్రుల మాటలు ఊహించుట కష్టము కాదు.

తిండి విషయములో ఎముకలే సాక్ష్యము. ఆ దీవిలో గుంపులుగా గూడు కట్టుకొనే సముద్ర పక్షుల ఎముకలు వేలకొద్దీ దొరికాయి. గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డుకు వచ్చే తాబేళ్ల ఎముకలు కూడ దొరికాయి. ఆ పక్షుల ఈకలనే అల్లి వారు బట్టలు చేసుకొన్నారు. మన వాడుకలో 'బ్రతికి బట్టకట్టుట' అంటామే, ఇక్కడ అది అక్షరాలా జరిగింది. నిప్పును ఆరనీయకుండా 15 సంవత్సరాలు కాపాడుకొన్నారని ఆ కాలపు కథనాలు చెబుతున్నాయి.

మాకు అన్నిటికంటె విలువైనవిగా తోచినవి రాగి పాత్రలు. ఓడనుండి మిగిలిన రాగి గిన్నెలు చిల్లి పడినప్పుడల్లా మరొక రాగి ముక్క కత్తిరించి, చిన్న రాగి మేకులతో బిగించి మాట్లు వేసారు. ఒక గిన్నెకు ఒక మాటు కాదు. మాటు మీద మాటు, మళ్లీ పక్కన మరొకటి. రాగి రేకుతో చెంచాలు చేసారు. సీసపు రేకును వంచి నీటి తొట్లు చేసారు. మా చిన్నతనములో ఊళ్లలోనికి మాట్లు వేసేవాడు వస్తే, ఇంటి ఆడవారు చిల్లి పడిన బిందెలు తెచ్చి వాని ముందు పెట్టేవారు. గిన్నెకు మాటు వేసే మనిషికి రేపు కూడ వంట ఉందన్న నమ్మకముంటుంది. అలంకారానికి చేసుకొన్న రాగి కడియాలు కూడ ఆ ఇసుకలో దొరికాయి. ఆకలి ఒక్కటే పని చేయించి ఉంటే కడియాలు ఉండవు.

ఇవన్నీ చేసినవారిని గురించి ఓడ పత్రాలలో ఉన్నది ఒక సంఖ్య మాత్రమే.

తిరిగి వచ్చిన ఓడలు

1773లో ఆ దారిన పోతున్న ఒక ఓడ దీవిలో మనుషులను చూచి ఇల్ ద ఫ్రాన్స్‌లో తెలియజేసింది. తీసుకొనిరావలెనని పంపిన ఓడలు అలల ఉద్ధృతికి దగ్గరకు రాలేక తిరిగిపోయాయి. 1775లో 'సోతరెల్' అనే ఓడ ఇద్దరు నావికులను చిన్న పడవలో పంపింది. పడవ గట్టుకు కొట్టుకొని పగిలింది. ఒకడు ఈదుకొంటూ ఓడకు తిరిగి వెళ్లాడు, రెండవవాడు దీవిలో చిక్కుకొన్నాడు. ఈ నావికుడు కొంతకాలానికి తెప్ప కట్టి, అప్పటికి మిగిలి ఉన్న ముగ్గురు పురుషులతో, ముగ్గురు స్త్రీలతో బయలుదేరాడు. తెప్పకు తెరచాప ఈకలతో అల్లినది. వారు ఏ తీరమూ చేరలేదు.

1776 నవంబరు 29న ట్రొమెలిన్ అనే అధికారి 'డోఫిన్' అనే ఓడతో వచ్చి, దీవిలో మిగిలినవారిని క్షేమముగా ఎక్కించుకొన్నాడు. వారు ఏడుగురు స్త్రీలు, ఎనిమిది నెలల మగశిశువు. ఆ శిశువు తల్లి, అమ్మమ్మ ఇద్దరూ ఆ ఏడుగురిలో ఉన్నారు. దీవికి ఆ అధికారి పేరే నిలిచిపోయింది. 15 సంవత్సరాలు కాపురమున్నవారి పేరు కాదు, ఒక్కరోజు వచ్చినవాని పేరు.

ఇల్ ద ఫ్రాన్స్ పరిపాలనాధికారి జాక్ మెయార్, వీరు అక్రమముగా కొనబడినవారు గనుక బానిసలు కారని ప్రకటించాడు. నిషేధాన్ని అడ్డము పెట్టుకొని 1761లో వీరిని విడిచిపెట్టారు; అదే నిషేధాన్ని చూపి 1776లో విడుదల చేసారు. మదగాస్కర్‌కు పంపిస్తామంటే ఆ స్త్రీలు వద్దన్నారు. తమను అమ్మిన రేవు అది. ఆ నిరాకరణకు మరొక వివరణ మాకు అవసరమనిపించలేదు.

పేర్లు

1776 డిసెంబరు 15న, ఓడ రేవు చేరిన దినముననే, శిశువుకు బాప్తిస్మమిచ్చి జాక్ మొయీజ్ అని పేరు పెట్టారు. జాక్ అనేది అధికారి పేరు. మొయీజ్ అంటే మోషే, నీటిలోనుండి తీయబడినవాడు. తల్లికి ఈవ్, అనగా హవ్వ అని పేరు మార్చారు. అమ్మమ్మకు డోఫిన్ అని, ఆమెను తెచ్చిన ఓడ పేరే పెట్టారు. ఆ ముగ్గురినీ మెయార్ తన ఇంట ఉంచుకొన్నాడు.

ఈ పేర్లలో ప్రేమ లేదని మేము అనము. పసివానికి మోషే పేరు తగినదే. కాని నిర్గమకాండము 2వ అధ్యాయములో మోషే పేరు పెట్టినది ఫరో కుమార్తె అన్నది కూడ గమనించాలి. ఆ బిడ్డను నీటిపాలు చేయించిన ఆజ్ఞ ఆమె తండ్రి ఇంటినుండే వచ్చింది. ఆదికాండము 16వ అధ్యాయములో అబ్రాము గాని శారయి గాని తమ మాటలలో హాగరును పేరుపెట్టి పిలువరు, దాసి అనే అంటారు. అరణ్యములో నీటి ఊట దగ్గర ఆమెను మొదట పేరుపెట్టి పిలిచినది యెహోవా దూత. ఆమె పేరు మార్చబడలేదు. పైగా ఆమెయే దేవునికి ఒక పేరు పెట్టింది. బాప్తిస్మమప్పుడు పాత పేరు తీసివేసి కొత్త పేరు పెట్టే అలవాటు మన తెలుగు సంఘాలలోనూ ఉన్నది. దానికి మంచి కారణాలున్నాయి, లేని సందర్భాలూ ఉన్నాయి. ఆ ప్రశ్నను ఇక్కడ తేల్చబోము.

శిశువు తల్లి మలగాసీ పేరు మాత్రము పత్రాలలో మిగిలింది. సెమియావు. గర్వము లేనిది అని దాని అర్థము చెబుతారు. 60 మందిలో తమ భాషలోని పేరుతో ఆ కథలో నిలిచినది ఆమె.

ఈ ఉదంతాన్ని బానిసత్వానికి వ్యతిరేకముగా వాడినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి తత్వవేత్త కొండోర్సే. నల్లవారి బానిసత్వము మీద ఆయన 1781లో ప్రచురించిన పుస్తకములో ఈ దీవి సంగతిని ప్రస్తావించాడు. కొండోర్సే మతవిశ్వాసి కాడు, పాదిరీల అధికారమంటే పడనివాడు. అయినా ఆ పుస్తకము మీద తన పేరు వేసుకోలేదు. స్విట్జర్లాండులోని బియెన్ అనే పట్టణపు సువార్త పరిచారకుడు, పాస్టర్ ష్వార్ట్స్ వ్రాసినట్లు వేయించాడు. జర్మను భాషలో ష్వార్ట్స్ అంటే నలుపు. ఈ మాట ఒక కాపరి నోట రావలసినదని ఆ అవిశ్వాసికి తోచింది. నిజమైన కాపరి ఎవరైనా వ్రాసే వరకు ఆగకుండ, ఒక కాపరిని కల్పించుకొన్నాడు.

1794లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వము తన వలసలన్నిటిలో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ ఆజ్ఞను అమలు చేయించుటకు 1796లో ఇల్ ద ఫ్రాన్స్‌కు వచ్చిన ప్రతినిధులను అక్కడి తోటల యజమానులు ఓడ ఎక్కించి తరిమివేసారు. బానిసత్వము ఆ దీవిలో నిజముగా రద్దయినది ఆంగ్లేయుల పాలనలో, 1835 ఫిబ్రవరి 1న. సెమియావు కుమారుడు అప్పటికి బ్రతికి ఉంటే అతనికి 58 సంవత్సరాలు నిండి ఉండేవి.